కారు ఫుల్ క్యాష్‌లో కొనాలా, ఫైనాన్స్‌లోనా? రేటు పడిపోవడం సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు కొందామని మొదలుపెట్టిన ప్రతివాళ్లూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు ఏది కావాలో అక్కడికి డైరెక్ట్‌గా వెళ్లిపోండి. ఉదాహరణలకి మన దగ్గర ఎక్కువగా కొనే సైజు, అంటే ఎక్స్-షోరూమ్ (రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) 9 లక్షల పెట్రోల్ కారుని తీసుకున్నా.

## ఇంకా డబ్బులు లెక్క చూసుకుంటున్నప్పుడు

లోన్ మీద కొంటే కారు విలువ ఇంకా తొందరగా పడిపోతుందా?

లేదండి. క్యాష్‌తో కొన్నా లోన్‌తో కొన్నా పడిపోయేది అంతే. తేడా ఎక్కడ వస్తుందంటే, క్యాష్‌తో కొన్నవాళ్లకి ఎప్పుడు అమ్మినా వచ్చినంత చేతికొస్తుంది, లోన్ ఉన్నవాళ్లకి ఆ రోజుకి బ్యాంకు బాకీ కారు రేటు కన్నా ఎక్కువ ఉంటే అమ్మడానికి కూడా జేబులోంచి ఎదురు పెట్టాలి. అందుకే క్యాషా లోనా అని తేల్చుకునే ముందు ఈ కారు ఎన్నేళ్లు ఉంచుకుంటాం, మధ్యలో ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే అప్పటికి బాకీ ఎంత ఉంటుంది అన్నది చూసుకోండి. చాలామంది ఈఎంఐ ఎంత అని మాత్రమే అడుగుతారు, అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

చేతిలో 8 లక్షలు ఉన్నాయి, ఎఫ్‌డీలో వేసి కారు లోన్ తీసుకుంటే లాభం అంటున్నారు, నిజమేనా?

ఈ లెక్క షోరూమ్‌లో కాగితం మీద వేసి మరీ చూపిస్తారు. 8 లక్షల లోన్, 9 శాతం, ఐదేళ్లు. నెలకి 16,607 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు 1.96 లక్షలు. అదే 8 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో వేస్తే ఐదేళ్లకి 3.3 లక్షల వడ్డీ వస్తుంది. ఇంకేం, లక్షా ముప్పై వేలు లాభం అంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

మరి ఆ 16,607 ఎక్కడ్నుంచి వస్తోంది? మీ జీతంలోంచి. క్యాష్ పెట్టి కొనేసి, అదే 16,607 నెల నెలా 7 శాతం ఆర్‌డీలో (నెలవారీ కట్టే డిపాజిట్) వేస్తే ఐదేళ్లకి దాదాపు 11.9 లక్షలు అవుతుంది. ఎఫ్‌డీ దారిలో మీ దగ్గర ఉండేది 11.3 లక్షలు. అంటే క్యాష్‌తో కొన్నవాళ్లే సుమారు అర లక్ష పైన ఉన్నారు, పైగా డిపాజిట్ వడ్డీ మీద ట్యాక్స్ ఇంకా లెక్కలోకి రాలేదు. 9కి అప్పు తెచ్చి 7కి దాచుకుంటే లాభం ఎలా వస్తుంది అసలు?

ఒక్క షరతు, క్యాష్‌తో కొన్నాక నెల నెలా ఆ డబ్బు నిజంగా దాచాలి. దాచే అలవాటు లేని మనిషికి ఎఫ్‌డీ కదపకుండా ఈఎంఐ కట్టుకోవడమే నయం అని నేనూ ఒప్పుకుంటా.

ఉన్న సేవింగ్స్ మొత్తం కారుకే పెట్టేస్తే వడ్డీ మిగులుతుంది కదా?

వడ్డీ మిగులుతుంది, మనశ్శాంతి మిగలదు. ఆరు నెలల ఇంటి ఖర్చు, పెద్దవాళ్లకి హాస్పిటల్ డబ్బులు పక్కన పెట్టాకే మిగతాది కారుకి. ఖాతా ఖాళీ చేసి కొన్నాక అవసరం వస్తే తీసుకునేది పర్సనల్ లోన్, దాని వడ్డీ కారు లోన్ కన్నా బాగా ఎక్కువ. సగం క్యాష్, సగం లోన్ పెట్టి మూడేళ్లలో తీర్చేసే దారి కూడా ఉంది, ఎవరూ గట్టిగా చెప్పరు కానీ జీతాల ఇళ్లకి చాలాసార్లు అదే సరిపోతుంది.

ఫుల్ క్యాష్ అంటే నోట్లు తీసుకెళ్లి కట్టొచ్చా? పొలం అమ్మిన డబ్బులు ఇంట్లోనే ఉన్నాయి.

కుదరదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్ ప్రకారం ఒక కొనుగోలు కింద 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదు, తీసుకుంటే అంత మొత్తం పెనాల్టీ తీసుకున్నవాళ్ల మీదే పడుతుంది, అందుకే డీలర్లు ఒప్పుకోరు. విడగొట్టి నాలుగు రోజులు కట్టినా ఒకే కారు కాబట్టి ఒకే లెక్క. బ్యాంకులో వేసి ఆర్‌టీజీఎస్ చేయండి, పొలం అమ్మిన కాగితాలు దగ్గర పెట్టుకోండి. కారు విలువ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) కూడా కట్టించుకుంటారు, అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు. రిటర్న్ వేయని రైతు కుటుంబాలు దీన్ని అలాగే వదిలేస్తున్నాయి, వదలకండి.

మా ఊళ్లో రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ లెక్క. 9 శాతం అంటే ఎక్కువా తక్కువా?

నూటికి నెలకి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండ్రూపాయలంటే 24. ఆ లెక్కన 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. కాబట్టి ఊళ్లో అప్పు చేసి క్యాష్ కస్టమర్ అనిపించుకోవడంలో అర్థం లేదు.

కాకపోతే ఒకటి చూసుకోండి. కొన్ని ఫైనాన్స్‌లు, ముఖ్యంగా సెకండ్స్ బండ్లకి, ఫ్లాట్ రేటు చెప్తారు. ఫ్లాట్ 7 శాతం అంటే లక్షకి ఏడాదికి 7 వేల చొప్పున ఐదేళ్లకి 35 వేలు, నెలకి 2,250. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేస్తారు. బ్యాంకుల్లా తగ్గే అసలు మీద లెక్కేస్తే అది పన్నెండున్నర శాతం! రేటు అడగొద్దు, లక్షకి నెలకి ఎంత, ఎన్ని నెలలు అని అడగండి. 9 శాతానికి ఐదేళ్లయితే లక్షకి 2,076 దగ్గర ఉండాలి.

కారు లోన్ బదులు హోమ్ లోన్ మీద టాప్-అప్ తీసుకుంటే? లేదా బంగారం పెడితే?

టాప్-అప్‌కి వడ్డీ రేటు కాస్త తక్కువే, కానీ దాన్ని ఇంటి లోన్‌తో పాటు పదిహేనేళ్లు లాగుతారు. 8 లక్షలు 8.5 శాతానికి 15 ఏళ్లయితే నెలకి 7,878, వినడానికి హాయిగా ఉంటుంది, మొత్తం వడ్డీ మాత్రం 6.18 లక్షలు. కారు స్క్రాప్‌కి వెళ్లే వయసొచ్చినా దాని బాకీ ఇంటి మీద ఉంటుంది. టాప్-అప్ తీసుకుని ఐదేళ్లలో కట్టేస్తాను అనే క్రమశిక్షణ ఉంటే అప్పుడు లాభమే.

గోల్డ్ లోన్ చాలావరకు ఏడాదికి చుట్టి కట్టే పద్ధతి. ఏడాది లోపు డబ్బు వచ్చే దారి కచ్చితంగా ఉంటే ఓకే, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు కూడా పడదు. లేదంటే ప్రతి ఏడాదీ వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకుంటూ పోతారు, కారు విలువ తగ్గుతుంటుంది, బాకీ అంగుళం కదలదు.

చిట్టీ పాడి కారు కొనొచ్చా?

రిజిస్టర్డ్ చిట్ అయితే, చివరి నెలల్లో పాట తక్కువ పోయేటప్పుడు అయితే, కొనొచ్చు. మొదటి నెలల్లో ఎక్కువ తగ్గించి పాడితే ఆ పోయిన డబ్బు వడ్డీ కిందే లెక్క, బ్యాంకు లోన్ కన్నా ఖరీదు పడొచ్చు.

అబ్బాయి అమెరికా నుంచి డబ్బులు పంపిస్తాడు, కారు ఎవరి పేరు మీద కొనాలి?

ఇక్కడ నడిపే అమ్మానాన్నల పేరు మీదే కొనండి. కొడుకు తల్లిదండ్రులకి ఇచ్చిన డబ్బుకి గిఫ్ట్ ట్యాక్స్ గొడవ లేదు. రేపు అమ్మేటప్పుడు సంతకాలు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ సంతకాలు అన్నీ ఇక్కడే అయిపోతాయి. తెలంగాణలో ఒకే మనిషి పేరు మీద రెండో బండి అయితే లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్) 2 శాతం అదనం, నాన్న పేరు మీద ఇప్పటికే కారుంటే అమ్మ పేరు మీద తీసుకోండి.

## షోరూమ్‌లో కూర్చున్నప్పుడు

ఆన్‌రోడ్ రేటులో ఎంత నిజంగా కారు విలువ?

కొటేషన్ కాగితం చేతికివ్వగానే కింద టోటల్ చూడకండి, పైనుంచి ఒక్కో లైను చదవండి. ఎక్స్-షోరూమ్ 9,00,000. లైఫ్ ట్యాక్స్ 1,26,000, ఎందుకంటే 5 నుంచి 10 లక్షల మధ్య కారుకి 14 శాతం, 10 దాటితే ఇంకా ఎక్కువ అవుతుంది. తర్వాత ఇన్సూరెన్స్ ఒక 45 వేలు, రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్, ఫాస్టాగ్. అన్నీ కలిపి 10.8 లక్షల దగ్గర ఆగుతుంది. అంటే తాళాలు తీసుకున్న నిమిషానికే లక్షా ఎనభై వేలు కారులో లేవు. సెకండ్స్‌లో కొనేవాడు మీరు కట్టిన లైఫ్ ట్యాక్స్‌కి విడిగా డబ్బులివ్వడు, ఇన్సూరెన్స్‌లో మన కారు డ్యామేజ్‌కి ఉండే భాగం చాలావరకు ఏడాదికి అయిపోతుంది.

ఆ కింద ఇంకో నాలుగు లైన్లుంటాయి, యాక్సెసరీస్ ప్యాక్, టెఫ్లాన్ కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్ చార్జీలు. పెన్ను తీసి కొట్టేయాల్సింది ఇక్కడే. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కటి ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లకి పనికొస్తుంది, సీట్ కవర్లు, మ్యాట్లు బయట సగం రేటుకి దొరుకుతాయి. వీటిని లోన్‌లో కలిపారంటే కాలిమ్యాట్‌కి కూడా ఐదేళ్లు వడ్డీ కడుతున్నట్టు.

క్యాష్ కస్టమర్‌కి డిస్కౌంట్ ఎక్కువ ఇస్తారు కదా?

ఇవ్వాల్సిన పని లేదు. లోన్ చేయిస్తే ఫైనాన్స్ వాళ్ల దగ్గర్నుంచి డీలర్‌కి కమీషన్ వస్తుంది, ఇన్సూరెన్స్ చేయిస్తే దాని మీదా వస్తుంది. క్యాష్ అని ముందే చెప్తే ఆ ఆదాయం పోయిందని కొన్నిచోట్ల బిగుసుకుంటారు. ముందు కారు రేటు మాట్లాడుకోండి, అది రాతపూర్వకంగా తీసుకున్నాక డబ్బు ఎలా కడతారో చెప్పండి. లోన్ అయినా సరే మీ జీతం పడే బ్యాంకులో ముందే అడిగి వెళ్లండి, షోరూమ్‌లో చెప్పే రేటు అప్పుడు దానంతట అదే దిగుతుంది.

తక్కువ వడ్డీ స్కీమ్ అని చెప్తే, అది వద్దంటే క్యాష్ డిస్కౌంట్ ఎంత ఇస్తారని తప్పకుండా అడగండి. రెండూ ఒకే కారు మీద దాదాపు ఇవ్వరు.

మూడేళ్లా, ఐదేళ్లా, ఏడేళ్లా?

8 లక్షలు 9 శాతానికి తీసుకుంటే మూడేళ్లకి ఈఎంఐ 25,440, వడ్డీ 1.16 లక్షలు. ఐదేళ్లకి 16,607, వడ్డీ 1.96 లక్షలు. ఏడేళ్లకి 12,871, వడ్డీ 2.81 లక్షలు.

వడ్డీ ఒక్కటే కాదు, మూడేళ్ల తర్వాత సీన్ చూడండి. ఐదేళ్ల లోన్‌లో బాకీ 3.6 లక్షలు, ఏడేళ్ల లోన్‌లో 5.2 లక్షలు. మూడేళ్లు దాటిన మన 9 లక్షల కారు ఇన్సూరెన్స్ లెక్కలో 5.4 లక్షలు. ఏడేళ్ల లోన్ అంటే అప్పటికి కారులో మీ వాటా పాతిక వేలు కూడా లేదు! ఐదేళ్ల ఈఎంఐ కట్టలేం, ఏడేళ్లయితేనే కుదురుతుంది అనిపిస్తే కారు ఒక మెట్టు కిందది చూడండి.

100 శాతం ఆన్‌రోడ్ ఫండింగ్ ఇస్తామంటున్నారు, జేబులోంచి పైసా అక్కర్లేదట. తీసుకోనా?

నా మాటగా అయితే వద్దు. ఆన్‌రోడ్ 10.8 లక్షల కారుకి 10 లక్షలు ఏడేళ్లకి 9 శాతం మీద తీసుకున్నారనుకోండి, ఈఎంఐ 16,089. రెండేళ్లు ఒక్కటి కూడా తప్పకుండా కట్టినా బాకీ ఇంకా 7.75 లక్షలు ఉంటుంది. ఆ సమయానికి కారు దొంగతనం జరిగినా, యాక్సిడెంట్‌లో పూర్తిగా పోయి టోటల్ లాస్ అయినా, మామూలు పాలసీలో 30 శాతం తరుగు తీసేసి వచ్చేది 6.3 లక్షలు. ఆ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. కారు పోయింది, ఇంకా 1.45 లక్షల బాకీ మిగిలింది, ఈఎంఐ మెసేజ్ ఐదో తారీఖున ఠంచనుగా వస్తూనే ఉంటుంది. కనీసం లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పైన ఇంకో పది పదిహేను శాతం చేతిలోంచి పెట్టగలిగితేనే కొత్త కారు.

డిసెంబర్‌లో డిస్కౌంట్ ఎక్కువంట, జనవరి దాకా ఆగాలా?

ఏడెనిమిదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే డిసెంబర్‌లోనే కొట్టేయండి. మూడు నాలుగేళ్లకి మార్చేవాళ్లయితే ఆగండి, ఎందుకంటే సెకండ్స్ మార్కెట్‌లో మొదట అడిగేది ఏ ఇయర్ మోడల్ అనే. డిసెంబర్ 2025 కారు 2026 జనవరి కారు కన్నా నెల పెద్దదే అయినా ఏడాది పాత మోడల్ కింద బేరం చేస్తారు. జనవరిలో కొన్నా సరే తయారైన నెల ఛాసిస్ ప్లేటు మీద, ఇన్‌వాయిస్‌లో చూసుకోండి, పాత స్టాక్ అంటగట్టే ఛాన్స్ ఉంటుంది.

ఎలక్ట్రిక్ కారుకి రీసేల్ ఉండదంటారు, నిజమా?

ఇప్పటికి పెట్రోల్ కార్లంత నమ్మకంగా రేటు చెప్పలేరు, కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా రేంజ్ పెరుగుతూ పాతది చులకనైపోతుంది. అటు తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకి రోడ్ ట్యాక్స్ లేదు, జీఎస్‌టీ 5 శాతమే. అంటే ఆన్‌రోడ్‌లో వృథా పోయే ముక్క చిన్నది. రోజూ ఎక్కువ తిరిగి, బ్యాటరీ వారంటీ కాలమంతా ఉంచుకునేవాళ్లకి రీసేల్ గురించి అంత బెంగ అక్కర్లేదు. మూడేళ్లకి మార్చే అలవాటుంటే మాత్రం ఆలోచించండి.

## ఈఎంఐలు కడుతున్నప్పుడు

బోనస్ వచ్చింది, లోన్ ముందే క్లోజ్ చేయనా?

ఎంత ముందు అన్నదే పాయింట్. ఈఎంఐలో మొదటి ఏళ్లలో వడ్డీ భాగం ఎక్కువ, చివర్లో దాదాపు అంతా అసలే. 8 లక్షలు, 9 శాతం, ఐదేళ్ల లోన్‌లో చివరి 12 నెలలు మిగిలాయనుకోండి, బాకీ 1.9 లక్షలు, ఇంకా కట్టాల్సిన వడ్డీ 9,400 కూడా లేదు. ఫోర్‌క్లోజర్ చార్జీ (లోన్ ముందే మూసేస్తే వేసేది) 4 శాతం అనుకుంటే, దాని మీద జీఎస్‌టీ కలిపితే దాదాపు 9 వేలు. మిగిలేది నాలుగొందలు, దానికోసం బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకు. అదే రెండో ఏడాదిలో అయితే చార్జీ పోనూ గట్టిగానే మిగులుతుంది.

2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) లోన్లకి, సొంత అవసరానికి తీసుకున్నవైతే, ముందే కట్టినందుకు చార్జీ వేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. కారు లోన్లలో చాలావరకు ఫిక్స్‌డ్ రేటు కాబట్టి మీ అగ్రిమెంట్‌లో ఏముందో చదవండి.

ఉద్యోగం పోయింది, ఈఎంఐ కట్టలేకపోతున్నా. కారు వాళ్లే తీసుకెళ్తారులే అని వదిలేస్తే?

వదలొద్దు. వాళ్లు తీసుకెళ్లి వేలం వేస్తే వచ్చేది మీరు అమ్మితే వచ్చేదానికన్నా తక్కువ, బాకీ పూర్తిగా తీరకపోతే మిగతాది మీ మీదే ఉంటుంది, సిబిల్ స్కోర్ (అప్పులు ఎలా కట్టారో చెప్పే రికార్డు) కూడా పోతుంది. రెండో ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడండి, కుదరకపోతే ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకుని మీరే అమ్మేయండి. ఇంట్లోవాళ్లకి చెప్పడం నామోషీ అనిపించి ఆరు నెలలు క్రెడిట్ కార్డులతో లాగేవాళ్లున్నారు, కారుతో పాటు అవి కూడా మెడకి చుట్టుకుంటాయి.

లోన్ అయిపోయింది. ఇంకేమైనా చేయాలా?

అసలు పని ఇప్పుడే ఉంది. ఆర్‌సీ మీద హెచ్‌పీ (హైపోథికేషన్, అంటే కారు తాకట్టులో ఉందని) అని బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, దానంతట అదే పోదు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదని ఇచ్చే కాగితం), సంతకం, ముద్ర వేసిన ఫారం 35 రెండు కాపీలు తీసుకుని ఆర్‌టీఓలో హెచ్‌పీ తీయించండి. ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, బీరువాలో పెట్టి మర్చిపోతే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి. ఇన్సూరెన్స్ పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించండి.

## ఇన్సూరెన్స్, ట్యాక్స్ దగ్గర తరుగుదల

ఐడీవీ అంటే నా కారు మార్కెట్ రేటేనా?

కాదు, కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కంపెనీ అమ్మకపు ధరలోంచి తరుగు తీసి లెక్కేస్తారు, లైఫ్ ట్యాక్స్ ఇందులో కలవదు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. ఐదేళ్లు దాటాక మీరూ కంపెనీ మాట్లాడుకున్నంత. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ బాగా కిందకి దించేవాళ్లున్నారు, ఆన్‌లైన్‌లో స్లైడర్ జరిపితే వెయ్యి రూపాయలు తగ్గినట్టు కనిపిస్తుంది, క్లెయిమ్ రోజున అరవై వేలు పోతాయి.

జీరో డెప్ తీసుకోవాలా? ఎన్నేళ్లు?

జీరో డెప్ అంటే పార్టుల మీద తరుగు తీయకుండా క్లెయిమ్ ఇచ్చే అదనపు కవర్. మామూలు పాలసీలో బంపర్ పగిలితే సగమే ఇస్తారు, ఎందుకంటే ప్లాస్టిక్, రబ్బర్ పార్టులు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం తరుగు తీస్తారు, ఫైబర్‌కి 30. గ్లాసుకి తరుగు లేదు. ఇప్పటి కార్ల ముందు భాగమంతా ప్లాస్టిక్కే కాబట్టి హైదరాబాద్, విజయవాడ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకి మొదటి ఐదేళ్లు జీరో డెప్ పెట్టుకోవడం మంచిది. ఊళ్లో నెలకి రెండుసార్లు బయటికి తీసే కారుకి మూడేళ్ల తర్వాత ఆలోచించుకోవచ్చు.

రిటర్న్ టు ఇన్‌వాయిస్ అనే యాడ్-ఆన్ ఎవరికి అవసరం?

పెద్ద లోన్ ఉన్నవాళ్లకి. కారు దొంగతనం జరిగినా, రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటి టోటల్ లాస్ అయినా, తరుగు తీసిన ఐడీవీ కాకుండా ఇన్‌వాయిస్ మొత్తం దాకా ఇస్తారు, చాలా పాలసీల్లో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కూడా కలుస్తాయి. కారు కొత్తగా ఉన్న మొదటి కొన్నేళ్లే దొరుకుతుంది. డౌన్ పేమెంట్ తక్కువ పెట్టినవాళ్లు ఏ యాడ్-ఆన్ వదిలినా దీన్ని వదలకండి. క్యాష్‌తో కొన్నవాళ్లకి ఇది ఇష్టం.

ఉద్యోగస్తుడికి కారు తరుగుదల మీద ట్యాక్స్ తగ్గుతుందా?

జీతం మీద బతికేవాళ్లకి సొంత కారు తరుగుదల గానీ లోన్ వడ్డీ గానీ తగ్గించుకునే వీల్లేదు. డాక్టర్లు, వ్యాపారులు పుస్తకాలు రాస్తే కారు మీద ఏటా 15 శాతం తరుగు, లోన్ వడ్డీ ఖర్చు కింద చూపించుకోవచ్చు, వ్యాపారానికి వాడినంత వరకే. కొన్న ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే, అందుకే సెప్టెంబర్ నెలాఖరులో ఈ బాపతు వాళ్లు డెలివరీకి తొందర పెడతారు. పుస్తకాలు లేకుండా అమ్మకాల మీద ఇంత శాతం అని లాభం చూపించేవాళ్లకి తరుగు అందులోనే కలిసిపోయిందని లెక్క, విడిగా రాదు.

నేను కొన్న నెలకే జీఎస్‌టీ తగ్గించారు, నా కారు రేటు కూడా పడిపోయిందా?

పడిపోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్లకి సెస్‌తో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. తగ్గింపు మొత్తం ఇస్తే 9 లక్షల కారు 8.23 లక్షలకి వస్తుంది. కొత్తదే 77 వేలు తగ్గితే పాతది అదే రేటుకి ఎవరు కొంటారు? దీనికి మందు ఏమీ లేదు, అమ్మకుండా నడుపుకోవడమే. ఐదారేళ్లు తిరిగితే ఆ తేడా అరిగిపోతుంది.

## అమ్మేటప్పుడు, సెకండ్స్ కొనేటప్పుడు

ఎన్నేళ్లకి అమ్మితే నష్టం తక్కువ?

ఏడాదికి ఎంత పడిందో చూడండి. 10.8 లక్షలు పెట్టి కొన్నది మూడేళ్లకి 5.8కి పోయిందనుకుందాం, ఏడాదికి 1.67 లక్షలు. అదే ఎనిమిదేళ్లు నడిపి 3 లక్షలకి అమ్మితే ఏడాదికి 97 వేలు. రిపేర్లు పెరుగుతాయి నిజమే, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్, కానీ ఏడాదికి 70 వేల రిపేర్లు మామూలు కారుకి రావు. పక్కింట్లో కొత్త కారు దిగిందని మార్చే వాళ్లకి ఈ లెక్క చెప్పినా వినరనుకోండి.

లోన్ ఉండగానే అమ్మొచ్చా?

అమ్మొచ్చు, ఎన్‌ఓసీ లేకుండా ఆర్‌సీ మారదు అంతే. బ్యాంకు నుంచి ఆ తేదీకి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి, కొనేవాళ్లు ఆ మొత్తం నేరుగా లోన్ ఖాతాకి కట్టి, మిగతాది మీకు ఇస్తారు. మిగిలిన ఈఎంఐలు నేనే కట్టుకుంటా బండి ఇచ్చేయ్ అనే బేరానికి మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. రెండు నెలలు కట్టి ఆపేస్తే సిబిల్ పోయేది మీదే.

కన్సల్టెన్సీ వాళ్లు (సెకండ్స్ కార్ల డీలర్లు) ఏం చూసి రేటు తగ్గిస్తారు?

ముందు డోర్ రబ్బర్ బీడింగ్ లాగి, లోపల కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూస్తారు, లేకపోతే యాక్సిడెంట్ బండి అని అర్థం. బానెట్ బోల్టుల మీద పెయింట్ గీరుకుపోయిందా, నాలుగు అద్దాల మీద ఇయర్ కోడ్ ఒకటేనా, టైరు మీద నాలుగంకెల తేదీ ఏంటి అని చూస్తారు. 3223 అని ఉంటే 2023లో 32వ వారం టైరు. తర్వాత సర్వీస్ హిస్టరీ, ఎన్నో ఓనర్, తాళాలు రెండూ ఉన్నాయా అని అడుగుతారు. మీ చేతిలో ఉన్నదేంటంటే సర్వీస్ బిల్లులు ఫైల్ చేయడం, చలాన్లు క్లియర్ చేయడం, ఇన్సూరెన్స్ అయిపోకముందే అమ్మడం. అమ్మే ముందు పెయింట్ వేయించకండి, గీత కన్నా కొత్త పెయింటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

మూడేళ్ల సెకండ్స్ కొంటే తరుగుదల తప్పించుకున్నట్టేనా?

ఎక్కువ పడే భాగం మొదటి ఓనర్ భరించేశాడు కాబట్టి చాలావరకు అవును. కానీ సెకండ్స్ లోన్లకి వడ్డీ కొత్తదానికన్నా ఎక్కువ, అందుకే ఇక్కడ క్యాష్‌కి బలం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పి పాత రికార్డులో కిలోమీటర్లు సరిపోతున్నాయో చూడండి, ఆర్‌సీలో హెచ్‌పీ ఉందేమో చూడండి.

ఇంకొకటి. 2024లో బుడమేరు వరదకి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరదలో మునిగిన బండ్లు కడిగి తుడిచి వేరే ఊళ్లలో అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మడతలో బురద చార కనిపిస్తే లేచి వచ్చేయండి.

కారు అమ్మేశా, డబ్బులు వచ్చేశాయి. ఇంక నాకు సంబంధం లేదు కదా?

ఆర్‌సీ కొత్త ఓనర్ పేరు మీదకి మారేదాకా ఉంది. ఆ లోపు యాక్సిడెంట్ అయితే రికార్డులో పేరున్న ఓనర్‌దే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఫారం 29, 30 (ఓనర్ పేరు మార్చే ఫారాలు) సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోకుండా, తేదీ, టైము రాసిన డెలివరీ నోట్, కొన్నవాళ్ల ఆధార్ కాపీ తీసుకోండి, ట్రాన్స్‌ఫర్ అయిందా లేదా అని నెల తర్వాత ఆన్‌లైన్‌లో చూడండి.

మీ నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు ఇచ్చేయొద్దు, అది కారుది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర రిజర్వేషన్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు, ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది.